చేయని తప్పుకు దొరికిన క్షమ

విశ్వవిద్యాలయ ప్రవేశానికి తనను ఇంటర్వ్యూ చేయబోయే వ్యక్తి పేరు విన్‌స్లో ఏమ్స్ అని చదివి, నెల్ కార్వర్ తన ఫోనును బల్ల మీద బోర్లా పెట్టిన చోట మనం ఆగాము. ఆ పేరులోని రెండవ భాగమే ఆమెను భయపెట్టింది. అమెరికాలోని మెయిన్ రాష్ట్రపు తీరంలో, మా కాల్డర్ రేవులో, ఇంటిపేరు అంటే ఒక రంగు. ఏమ్స్ వారి రంగు పసుపు, నడుమ నల్ల పట్టీ.

సముద్రం అడుగున లాబ్‌స్టర్లనే పెద్ద రొయ్యలను పట్టే బోను ఎక్కడ ఉన్నదో తెలియడానికి తాడు పైకొసన రంగు వేసిన తేలుడు దిమ్మను కడతారు. ఆ రంగులు లైసెన్సులో నమోదవుతాయి. ఒకరి జాగాలో మరొకరు బోను వేస్తే మా రేవులో పోలీసుల దగ్గరకు ఎవరూ పోరు, ఎదురుపడి అడగరు కూడా. ఆ దిమ్మ మెడకు తాడుతో రెండు ముళ్ళు వేసి వదిలేస్తారు. అది హెచ్చరిక. లెక్కచేయకపోతే ఆ తర్వాత వచ్చేది బోను తాడు కోసే కత్తి. ముడి ఎవరు వేశారని అడగరు, వేసినవాడు చెప్పడు.

జూలైలో నెల్ దిమ్మలకు అటువంటి ముళ్ళు పడ్డాయి. పడినవన్నీ గల్ బండ దగ్గర, ముసలి లోవెల్ ఏమ్స్ పసుపు దిమ్మల పక్కన ఉన్నవే. విద్యార్థులకిచ్చే లైసెన్సుతో వేసవిలో లాబ్‌స్టర్లు పట్టే ఆ పదిహేడేళ్ళ పిల్ల ఎవరితోనూ ఏమీ అనలేదు. తన బోనులను లోతు నీళ్ళకు మార్చుకున్నది. సెప్టెంబరులో లోవెల్ పడవ ఇంజను ఆగిపోయినప్పుడు, అటుగా వస్తున్న నెల్ తాడు విసిరి ఆ పడవను రేవుకు లాక్కొచ్చింది. వందమంది అడిగితే నలుగురికి చోటిచ్చే విశ్వవిద్యాలయానికి ఆమె రాసిన వ్యాసం ఆ రెండు సంఘటనల మీద నిలబడింది. మొదటి చిత్తుప్రతిలో నీటి అడుగున వేడిమిని ఆమె మూడు వేసవులుగా ఎలా కొలుస్తున్నదో ఉండేది. బడిలో కౌన్సెలర్ అయిన మిస్ ప్రౌటీ దానిని పక్కన పెట్టించింది. అంకెలు మిగతా కాగితాల్లో ఉంటాయి, మనిషి వ్యాసంలో ఉండాలి అన్నది. దరఖాస్తులోని ప్రతి ముక్కా ఒకే మనిషిని చూపాలన్నది ఆవిడ సిద్ధాంతం. అది మంచి సిద్ధాంతమే. అయితే అన్ని దూలాలనూ ఒకే స్తంభం మీద ఆనించిన ఇంటికి, ఆ స్తంభం పుచ్చితే మరొక ఆధారం ఉండదు.

దరఖాస్తు గడువు సోమవారం. ఇంటర్వ్యూ శనివారం మధ్యాహ్నం, గ్రంథాలయం వెనుక గదిలో. ఆ శనివారం ఉదయం నెల్ ఇస్త్రీ చొక్కా వేసుకొని, బోనులు బాగుచేసే కొట్టంలోకి వెళ్ళి, ఇంటర్వ్యూ సాధన కోసం తాత ఎదుట బల్ల మీద కూర్చున్నది. ఓరిన్ కార్వర్ చెక్క సూదితో బోను లోపలి వల అల్లుతున్నాడు.

"రండి, మిస్ కార్వర్," అన్నాడు చెయ్యి ఆపకుండా. "టీ తాగుతారా, కాఫీనా? రెండూ లేవు."

"సరిగ్గా చెయ్యి తాతా. ఆయన లాయరు."

"లాయర్లు టీ అడగరా ఏంటి? సరే. మా యూనివర్సిటీకి నువ్వెందుకమ్మా? మాకు చేపల వాసన పడదే."

"మీ సముద్రశాస్త్ర విభాగంలో, అడుగు నీటి ఉష్ణోగ్రతల మీద జరుగుతున్న పరిశోధన..."

"ఆగాగు. నాకు నిద్రొస్తోంది. ఆయనకీ వస్తుంది. పడవ మీద నాతో మాట్లాడినట్టు మాట్లాడు."

"అలా మాట్లాడితే మెడపట్టి గెంటేస్తారు."

"గెంటితే గెంటారు, నిద్రయితే పోరు కదా." సూది నోట పెట్టుకొని ముడి బిగించాడు. "ఇంకేం అడుగుతారు?"

"వ్యాసం దేని మీద రాశావని అడగొచ్చట. మిస్ ప్రౌటీ చెప్పింది."

"అయితే చదువు. ఊళ్ళో టీచరమ్మలందరూ చదివేశారు. మిగిలింది నేనే."

నెల్ కావాలనే చూపలేదు. ముళ్ళ సంగతి ఇంట్లో కూడా పైకి అనకూడదన్నది ఆమెకు తాత దగ్గర అబ్బిన అలవాటే. కానీ రాసినదానిని గట్టిగా చదివితే గాని తడబాటు ఎక్కడ వస్తుందో తెలియదని మిస్ ప్రౌటీ పదేపదే చెప్పింది. అందుకని చదివింది. మొదటి పేరా దగ్గర తాత తల ఊపాడు. రెండవ పేరాలో, ముళ్ళు పడిన దిమ్మల చుట్టూ తేలుతున్న రంగు గురించిన వాక్యం వచ్చేసరికి ఆయన చేతిలో సూది ఆగింది.

"మళ్ళీ చదువు."

"'నా దిమ్మలకు అటూ ఇటూ పసుపు దిమ్మలు, నడుమ నల్ల పట్టీ ఉన్నవి, పొద్దుటి ఎండలో నిశ్శబ్దంగా ఊగుతున్నాయి.' పేరు రాయలేదు తాతా."

"రంగు రాశావుగా."

"అక్కడ చదివేవాళ్ళకి పసుపంటే పసుపే. లోవెల్ ఏమ్స్ ఎవరో వాళ్ళకేం తెలుసు?"

"ఇవాళ నిన్ను అడగబోయేవాడికి తెలీదా? వాడు పుట్టిందే ఆ రంగులో."

"ఇంటర్వ్యూ చేసేవాళ్ళకి మన కాగితాలేవీ చూపించరు. పేరూ ఫోన్ నంబరూ, అంతే. కనుక్కున్నాను."

అక్షరాల కంటే ముందు రంగులు నేర్చుకున్న పిల్ల ఆమె. దూరంలో తేలుతున్న దిమ్మను చూసి మనిషి పేరు చెప్పడం ఆమెకు నాలుగేళ్ళకే వచ్చు. అంతటి పిల్ల, దూరం పెరిగితే రంగు నుంచి మనిషి రాలిపోతాడని నమ్మింది. ఈ పొరపాటు మా రేవులో పుట్టినవాళ్ళు మాత్రమే చేయగలరు. బయటివారైతే అసలు ఆ రంగునే గమనించి ఉండరు.

ఆమె చివరి దాకా చదివింది. పడవను లాక్కురావడం, రేవు చేరేదాకా ఇద్దరూ ఒక్క మాటయినా మాట్లాడకపోవడం. ఆఖరి వాక్యం కింద మిస్ ప్రౌటీ ఎర్ర గీత గీసి, దీన్ని ముట్టుకోవద్దు అని రాసింది: తాడు కోయగలిగిన చేత్తో తాడు విసరడమే క్షమించడం.

ఓరిన్ అల్లికలో అప్పుడే వేసిన ముడిని వేళ్ళతో విప్పాడు.

"లోవెల్ వెయ్యలేదు ఆ ముళ్ళు," అన్నాడు.

"ఆయన్ని వెనకేసుకు రాకు. మీరిద్దరూ చిన్నప్పట్నుంచీ ఒకటేనని తెలుసు నాకు."

"వెనకేసుకు రావట్లేదు. నేను వేశాను."

నెల్ నవ్వింది. ఇంటర్వ్యూలో తడబెట్టే ప్రశ్న ఏదో వేస్తున్నాడనుకున్నది. ఆయన తల ఎత్తకపోవడం చూసి నవ్వు మానింది.

"ఎందుకు?"

"జూన్‌లో ఈ గోడకే ఆనుకుని ఏమన్నావో గుర్తుందా? కాలేజీ వద్దు, నీ పడవ నాకిచ్చెయ్యి తాతా, అన్నావు. నా చిన్నప్పుడు దక్షిణాన ఉన్న రేవులు లాబ్‌స్టర్లతో నిండి ఉండేవి. ఇప్పుడక్కడ ఏముంది? ఐస్‌క్రీం కొట్లు. నీళ్ళు వేడెక్కుతున్నాయి, అవి ఉత్తరానికి జరిగిపోతున్నాయి. ఈ మాట నాకు చెప్పిందే నువ్వు, థర్మామీటరు చూపించి మరీ. చెప్పి, మళ్ళీ నువ్వే పడవ అడుగుతావు. వద్దంటే వింటావా? నడక నేర్చిన దగ్గర్నుంచీ వద్దన్న పనే చేశావు. సముద్రమే నిన్ను వద్దంటే వింటావేమో అనుకున్నా."

"సముద్రం వద్దన్నదనుకోలేదు నేను. లోవెల్ ఏమ్స్ వద్దన్నాడనుకున్నాను."

"అదే. ఎక్కడో ఓ చోట కట్టాలి కదా. వాడి పసుపు దిమ్మల పక్కనున్నవి చూసి కట్టా. అక్కడైతే నువ్వు నమ్ముతావని." ఆయన గొంతు తగ్గింది. "భయపడి మానేస్తావనుకుంటే, లోతు నీళ్ళకి పోయి నా కంటే ఎక్కువ పట్టుకొచ్చావు."

ఆయన కోరుకున్నది నెరవేరింది, ఆయన వేసిన దారిలో మాత్రం కాదు. ముళ్ళు ఆమెను సముద్రం నుంచి దూరం చేయలేదు. వ్యాసానికి వస్తువును ఇచ్చాయి. ఆ వ్యాసం మూలంగానే, ఎక్కడికీ వెళ్ళనన్న పిల్ల ఇప్పుడు వెళ్ళాలని కోరుకుంటున్నది. అయితే అదే కారణం నుంచి మరొక వరుస పరిణామాలు కూడా బయలుదేరాయి. ఆ కొట్టంలో కూర్చొని నెల్ వాటిని ఒక్కొక్కటిగా తలచుకోవలసి వచ్చింది.

పడవలు ఎదురైనప్పుడు చెయ్యెత్తడం మా రేవులో శ్వాస తీసుకోవడం వంటిది. పగవాడికి కూడా ఒక వేలయినా ఎత్తుతారు. జూలై నుంచి నెల్ లోవెల్‌కు చెయ్యెత్తడం మానివేసింది. తాను ఎవరికీ ఏమీ చెప్పలేదు గనుక ఎవరికీ అన్యాయం చేయలేదని ఆమె అనుకున్నది. కానీ రేవులో అందరికీ కళ్ళున్నాయి. అంత మంచి పిల్ల చెయ్యెత్తకపోతే ఆ ముసలివాడు ఏదో చేసే ఉంటాడని జనం తీర్మానించుకున్నారు. ఆగస్టు నాటికి మరికొన్ని చేతులు లేవడం మానేశాయి. పొద్దున్నే కాఫీ తాగే బెంచీ మీద లోవెల్ పక్కన చోటు ఖాళీగా ఉండసాగింది. పడవను లాక్కొచ్చిన మర్నాడు ఆయన నెల్ పడవలో ఒక కాగితం సంచీ పెట్టి వెళ్ళాడు, నిండా బెల్లపు పాకం డోనట్లు, ఇంకా వెచ్చగా. తప్పు కప్పిపుచ్చుకోవడానికి ఇచ్చిన లంచమని ఆమె వాటిని సముద్రపు కాకులకు వేసింది. ఆ సంగతి వ్యాసంలో లేదు.

"ఆయనకి ఎవరూ చెయ్యెత్తట్లేదని నీకు తెలుసుగా," అన్నది.

"తెలుసు."

"నువ్వు ఎత్తావా?"

"ఎత్తాను. ఎత్తినప్పుడల్లా, వాడు అడుగుతాడేమో అనుకున్నా. అడగలేదు."

"ఇప్పుడేం చెయ్యమంటావు నన్ను?"

"ఏం చెయ్యొద్దు. లోవెల్ కొడుకుతో థర్మామీటరు గురించి మాట్లాడి రా. సోమవారం వ్యాసం పంపెయ్. అక్కడెవరికీ తెలీదు."

"నాకు తెలిసిపోయిందిగా. ఇన్నాళ్ళు దాచినవాడివి, ఇంకో రెండ్రోజులు ఆగలేకపోయావా?"

"ఆగుదామనే అనుకున్నా." ఓరిన్ సూదిని బల్ల మీద పెట్టాడు. "కానీ నువ్వు వాణ్ణి క్షమించావు. నాకది వినబుద్ధి కాలేదు."

ఇంకొకరి తాడు మీద చెయ్యి వేయడం చట్టంలో నేరం. దానికి లైసెన్సు పోతుంది. పదేళ్ళ వయసు నుంచి ఓరిన్ దగ్గర ఉన్న లైసెన్సు అది. ఆ మాట ఇద్దరిలో ఎవరూ అనలేదు. నెల్ గోడకున్న తాళాలు తీసుకొని తాత ట్రక్కు ఎక్కింది.

గ్రంథాలయం బయట ట్రక్కు ఆపి మిస్ ప్రౌటీకి ఫోన్ చేసింది.

"టీచర్, వ్యాసంలో ఒక మార్పు చెయ్యాలి."

"కామా కూడా కదపకు తల్లీ. నా ఉత్తరం మొన్ననే వెళ్ళిపోయింది. సైన్స్ సార్ది నిన్న వెళ్ళింది. రెండింటిలోనూ ఆ పడవ లాగిన సంగతే ఉంది. ఇప్పుడు నువ్వు వ్యాసం మార్చావనుకో, ఒకే దరఖాస్తులో ఇద్దరమ్మాయిలు కనిపిస్తారు వాళ్ళకి. ఏ అమ్మాయి నిజమో తేల్చుకునే తీరిక వాళ్ళకుండదు. ఇద్దర్నీ పక్కన పెడతారు."

"అందులో తప్పుంటే?"

"పెద్ద తప్పా? తేదీలాంటిదేమైనానా?"

తేదీ కాదు అని చెప్పడానికి నెల్ నోరు తెరిచింది. చెబితే, ఎవరు వేశారన్నది తర్వాతి ప్రశ్న అవుతుంది. ముందు అద్దంలోంచి గ్రంథాలయం తలుపు కనబడుతున్నది.

"టైమవుతోంది, టీచర్."

"సరే, వెళ్ళు. నవ్వు కాస్త. నువ్వు నవ్వడం మర్చిపోతావు."

విన్‌స్లో ఏమ్స్ యాభై దాటిన మనిషి. పట్నపు కోటు, కళ్ళజోడు. జిల్లా కేంద్రంలో న్యాయవాది. మా రేవు నుంచి ఆ విశ్వవిద్యాలయానికి వెళ్ళిన ఒకే ఒక్కడు కావడం వల్ల, ఈ ప్రాంతపు పిల్లలను చూసి రెండు పేజీల నివేదిక పంపే పని ఏళ్ళుగా ఆయనదే. బల్ల మీద ఫ్లాస్కు, రెండు కప్పులు ఉన్నాయి.

"టీ తాగుతావా?" అని అడిగాడు.

నెల్ నవ్వబోయి, కళ్ళలో నీళ్ళు తిరగడంతో తల అడ్డంగా ఊపింది.

ఆయన సౌమ్యంగా అడిగాడు. ఏం చదవాలనుకుంటున్నావు, ఎందుకు, ఏది కష్టంగా తోస్తుంది. ఆమె తాత చెప్పినట్టే, పడవ మీద మాట్లాడినట్టు మాట్లాడింది. థర్మామీటరును బోనుకు కట్టి దింపడం, మొదటి వేసవిలో సగం లెక్కలు తప్పులని తేలడం, తప్పులెందుకొచ్చాయో కనుక్కోవడానికి రెండవ వేసవి పట్టడం. ఆయన మూడు సార్లు పేజీ తిప్పి రాసుకున్నాడు. ఒకసారి గట్టిగా నవ్వాడు కూడా. ఇంత బాగా జరుగుతుందని ఆమె ఊహించలేదు. లేచి చేయి కలిపి వెళ్ళిపోతే చాలు. ఆయన మంచి మాటలు, రెండు ఉత్తరాలు, వ్యాసం, అన్నీ ఒకే అమ్మాయిని చూపుతాయి.

విన్‌స్లో కలం మూత పెట్టాడు.

"కాగితంలో లేని ప్రశ్న ఒకటుంది," అన్నాడు. "నిజానికి నేను అడగకూడదు. నీకు ఇష్టం లేకపోతే చెప్పకు. నా నివేదికకీ దీనికీ సంబంధం లేదు, ఆ మాట నమ్ము. మా నాన్న నీకేం చేశాడు?"

నెల్ లేవబోయి మళ్ళీ కూర్చున్నది.

"వేసవి నుంచీ నువ్వు చెయ్యెత్తట్లేదట. తర్వాత మిగతావాళ్ళూ మానేశారట. పడవ లాక్కొచ్చిన రోజు కూడా ఒక్క మాట మాట్లాడలేదని చెప్పాడు. ఆయన నీ మీద కోపంగా లేడు. ఏదో చేసే ఉంటాను, గుర్తు రావట్లేదు అంటున్నాడు. మతి పోతోందేమోనని డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాడు, నాకు చెప్పకుండా. ఇప్పుడు పడవ అమ్మేస్తానంటున్నాడు. చేసింది గుర్తులేని మనిషి నీళ్ళ మీద ఉండకూడదట."

వ్యాసం రాసిన నెలరోజుల్లో నెల్ ప్రతి వాక్యాన్నీ పరీక్షించింది. ఏ మాట ఎక్కువైంది, ఏది తక్కువైంది అని మిస్ ప్రౌటీతో వాదించింది. లోవెల్ ఏమ్స్ తన పడవలో ఒంటరిగా కూర్చొని, తాను చేయని పనిని జ్ఞాపకం చేసుకోవడానికి ప్రయత్నిస్తూ ఉండవచ్చునన్నది ఆ వ్యాసంలో ఎక్కడా పట్టలేదు.

"ఆయనేం చెయ్యలేదండీ," అన్నది. "మతీ పోలేదు. ఆ మాట ముందు ఆయనకి చెప్పండి, దయచేసి. నా దిమ్మలకి ముళ్ళు పడ్డాయి. ఆయన వేశారనుకున్నాను. ఆయన కాదు."

విన్‌స్లో కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ముళ్ళంటే ఏమిటో ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేదు. వాటికి చట్టం ఏ పేరు పెట్టిందో కూడా ఆయనకు తెలుసు.

"ఆయన కాదని ఎలా తెలుసు నీకు?"

"తెలుసండీ."

"ఎప్పుడు తెలిసింది?"

"ఇవాళ పొద్దున."

"అంటే వేసినవాడు చెప్పాడన్నమాట." ఆయన గొంతు పెరగలేదు, కానీ ఎదుట కూర్చున్నది ఇప్పుడు న్యాయవాది. "ఎవరు, నెల్?"

మా రేవు నియమం ప్రకారం ఆమె ఊరుకోవచ్చు. ఆ ఊరుకోవడం ఒక మనిషిని ఏం చేసిందో ఇప్పుడే విన్నది. చెబితే, కొట్టంలో కూర్చున్న మరో ముసలివాడి నుంచి సముద్రాన్ని లాగేసుకున్నట్టు.

"అదంతా నా వ్యాసంలో ఉంటుందండీ," అన్నది చివరకు. "ఇంకా రాయలేదు."

"సోమవారం గడువు."

"తెలుసు. రాస్తే వచ్చే చోటు కూడా పోతుందని తెలుసు. మా టీచర్ల ఉత్తరాలు వెళ్ళిపోయాయి, వాటన్నిటిలో పాత కథే ఉంది."

విన్‌స్లో కాగితాలను తన వైపు లాక్కొని, కలం మూత తీశాడు. "నా నివేదిక ఇవాళ సాయంత్రమే వెళ్ళాలి," అన్నాడు. అది బెదిరింపో, జాలో ఆ గొంతులో తేలలేదు.

అప్పుడే బయట ఒక బండి ఆగిన చప్పుడయింది. నెల్ కిటికీ వైపు తిరిగింది. ఆగినది లోవెల్ ఏమ్స్ ట్రక్కు. స్టీరింగు వెనుక ముసలి లోవెల్ రెండు చేతులూ చక్రం మీద పెట్టుకొని, ఎటూ చూడకుండా కూర్చుని ఉన్నాడు. పక్క తలుపు తెరుచుకొని దిగినవాడు ఓరిన్ కార్వర్. సొంత ట్రక్కు మనుమరాలు తెచ్చుకోవడంతో, ఇంత దూరం తీసుకురమ్మని ఆయన ఆ మనిషినే అడిగాడు. దారిలో ఏం చెప్పాడో, అసలు చెప్పాడో లేదో, లోవెల్ ముఖం చూసి తెలుసుకోవడం సాధ్యం కాలేదు.

గది తలుపు తట్టకుండానే తెరుచుకున్నది. ఓరిన్ టోపీ తీసి చేత పట్టుకున్నాడు.

"ఆ పిల్లని అడగొద్దు, విన్‌స్లో," అన్నాడు. "నన్నడుగు."

కుర్చీ వెనక్కు పడేటట్టు నెల్ లేచి నిలబడింది.

"తాతా, ఒక్క మాట కూడా అనొద్దు. ఆయన లాయరు."

విన్‌స్లో చేతిలో కలం తెరిచే ఉన్నది. ఆయన ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు, తర్వాత కిటికీలోంచి తండ్రిని. కుడిచేత్తో కలం పట్టుకొనే, ఎడమచేత్తో నెల్ వద్దన్నా పోసి ఉంచిన టీ కప్పును మెల్లగా ఓరిన్ వైపు జరిపాడు.

"కూర్చోండి, మిస్టర్ కార్వర్," అన్నాడు. "మొదట్నుంచీ చెప్పండి."